ముప్పై రోజుల ఆకలి

నేను మొదటిసారి చల్లిన తోటకూర పద్దెనిమిదో రోజుకు పండుబారింది. కింది ఆకులు ముందు, ఆ తర్వాత నడిమివి. మడిలో ఎరువుకు కొదవ లేదు. చేవెళ్ళ అవతల మాకున్న ఇరవై గుంటల ఎర్ర చెల్కలో మూడు గుంటలు ఆకుకూరలకని విడదీసి, ఒక ట్రాలీ పెంట దగ్గరుండి తోలించాను. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో మొదటి ఖర్చు అదే.

పక్క చెల్క అవ్వ గట్టు మీద నిలబడి కాసేపు చూసింది. వంగి పిడికెడు మట్టి తీసి నలిపింది. అందులోంచి వరిగడ్డి పోచ ఒకటి లాగి నా ముందు పెట్టింది. నిన్న మొన్న కోసినట్టు గట్టిగా ఉంది.

"పచ్చి పెంట ఏసినవ్ టీచరమ్మా. గీ గడ్డి మురిగెదాంక నీ కూరకు బువ్వ దొర్కది."

ముప్పై ఒక్క ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినదాన్ని. 'మొక్కలు ఖనిజ లవణాలను నీటిలో కరిగిన రూపంలోనే శోషించుకుంటాయి' అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. దాని అర్థం నాకు ఆ రోజు గట్టు మీద తెలిసింది.

వేరుకు నోరు లేదు. పేడను తినలేదు, ఆకును నమలలేదు. నత్రజని దానికి అందాలంటే నైట్రేటుగానో అమ్మోనియంగానో మారి, మట్టి తడిలో కరిగి, వేరు నూగుదాకా రావాలి. పెంటలో నత్రజని ఉన్నమాట నిజమే. కానీ చాలావరకు మాంసకృత్తుల్లోనూ ఇతర పెద్ద అణువుల్లోనూ చిక్కుకుని ఉంటుంది. మట్టిలోని బాక్టీరియా, బూజులు దాన్ని విడగొట్టి అమ్మోనియా చేస్తాయి, వేరే బాక్టీరియా దాన్ని నైట్రేటు చేస్తుంది. గాదెలో వడ్లున్నాయి, ఒకరు దంచాలి, ఒకరు వండాలి, అప్పుడు కంచంలోకి అన్నం వస్తుంది. యూరియాది హోటలు అన్నం. నాలుగైదు రోజుల్లో వడ్డించేస్తుంది.

గడ్డి పోచతో అవ్వ చూపించిన తప్పు ఇంకొకటుంది. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి సుమారు ఎనభై పాళ్ళు కర్బనం ఉంటుంది. అంత కర్బనాన్ని తినడానికి సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, గడ్డిలో చాలదు కాబట్టి మట్టిలో ఉన్నదాన్ని లాగేసుకుంటాయి. వంటవాళ్ళే ఆకలి మీదుంటే వడ్డన మాట దేవుడెరుగు. కర్బనం పాళ్ళు ఇరవై, ఇరవై అయిదుకు దిగితే గానీ వాళ్ళు తిని మిగిల్చరు. నేను ఎరువనుకుని వేసిన పెంట ఆ మూడు వారాలూ నా మడికి అప్పు పెట్టింది. కింది ఆకులు ముందు పండడం కూడా దాని గుర్తే. నత్రజని చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల్లోది తీసి చిగురుకు పంపుతుంది. పండింది చిగురైతే, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే, అది ఇనుము కొరత. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో అది మామూలే. ఇనుము ఒకసారి ఆకులో చేరాక అక్కడి నుంచి పెద్దగా కదలదు.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. మీరూ వేయండి, సైన్సు టీచరు అవసరం లేదు. గుంట నేలలో వంద కిలోల తోటకూర వచ్చిందనుకుందాం, ఎకరానికి నాలుగు టన్నుల లెక్కన. నూరు గ్రాముల తోటకూరలో మాంసకృత్తులు సుమారు 3.3 గ్రాములు. అంటే వంద కిలోల కూరలో 3.3 కిలోలు, అందులో నత్రజని అర కిలోకు కాస్త పైన. అంత నత్రజనిని ఆ గుంట నేల నెలలోపు కూరకు ఇచ్చి తీరాలి. ఇప్పుడు ఎరువు వైపు. ఎకరానికి పది టన్నులంటే గుంటకు 250 కిలోల పెంట. పశువుల పెంటలో నత్రజని సుమారు అర శాతం, అంటే కిలోంపావు. చూడ్డానికి కావలసినదానికి రెట్టింపు పైనే. కానీ మొదటి నెలలో అందులో అయిదో వంతు కరిగి వచ్చినా అదృష్టమే. పావు కిలో. కూరకు కావలసినదాంట్లో సగం. మిగతా పెంట వచ్చే పంటకు, ఆ పై ఏడాదికి.

మిరప, వంకాయ నాలుగైదు నెలలు నేలలో ఉంటాయి. పెంట మెల్లగా కరిగితే మెల్లగా తింటాయి. తోటకూరకు అంత ఓపిక లేదు. గ్రాముకు వెయ్యికి పైగా తూగే విత్తనం అది. దానిలో దాచిపెట్టిన తిండి మూడు నాలుగు రోజులకు సరిపోతే గొప్ప. మొలిచాక పది రోజులు ఉన్నదో లేదో అన్నట్టుంటుంది. చివరి పది రోజుల్లో ఒక్కసారిగా లేస్తుంది, తన తిండిలో పెద్ద వాటా అప్పుడే అడుగుతుంది. ఇరవై అయిదు, ముప్పై రోజులకు పీకి కట్ట కడతాం. సేంద్రియ పద్ధతిలో ఆకుకూరలు అన్నిటికన్నా తేలికని చాలామంది రాస్తారు. పురుగుల సంగతి వరకు అది ఒప్పుకుంటాను. తిండి సంగతిలో వీటిని మించిన తొందరగాళ్ళు లేరు.

అవ్వకు ఈ లెక్కలేవీ తెలియవు, అయినా ఆమె మడి పచ్చగా ఉంటుంది. ఎండాకాలం పెంట కుప్ప తిరగేసి నీళ్ళు చల్లుతుంది, రోహిణి కార్తెలో చెల్కకు తోలుతుంది, మొదటి వానకు దున్ని కలిపేస్తుంది. విత్తనం ఆ తర్వాత మూడు వారాలకు. "పెంటకు పెంట వాసన పోవాలె, మట్టి వాసన రావాలె. అప్పుడు సల్లు" అంటుంది. కుప్పలో చెయ్యి పెట్టి వేడి చూస్తుంది. లోపల కాలుతుంటే ఇంకా వంట నడుస్తోందన్నమాట. చెయ్యి చల్లగా తగిలితే, గడ్డి పోచ గుర్తు పట్టకుండా నలిగిపోతే, దింపుకోవచ్చు.

మిగతా సగం తిండికి నాకు దొరికిన దారి పల్లి చెక్క. దానిలో నత్రజని సుమారు ఏడు శాతం, కర్బనం తక్కువ, కాబట్టి వేగంగా విడుస్తుంది. గుంటకు నాలుగు కిలోలు, ఒక రోజు నానబెట్టి, పన్నెండో రోజున సాళ్ళ మధ్య పోసి మట్టి కప్పుతాను. ఇందులోని 280 గ్రాముల నత్రజని కూడా ఒక్కసారి దిగదు గానీ చాలావరకు ఆ చివరి పది రోజులకు అందుతుంది. "బర్రె తినేదాన్ని మట్టికి పెడ్తవా!" అని మా అత్తమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె మాటలో న్యాయం ఉంది. వేప పిండి చవక, అయిదు శాతం దాకా నత్రజని ఉంటుంది. కానీ అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియాను వేప కొంత నెమ్మది చేస్తుంది. అది టమాటాకు మంచి గుణం, నా తోటకూరకు అంత అక్కరకు రాలేదు.

రెండో ఏడాది ఒకే మడిని నాలుగు పట్టీలు చేశాను. ఒకదానికి ఏమీ లేదు, ఒకదానికి పాత పెంట, ఒకదానికి పెంటతో పల్లి చెక్క, చివరిదానికి యూరియా. మా అబ్బాయి నవ్వాడు, "అమ్మ మళ్ళీ ప్రాక్టికల్స్ మొదలుపెట్టింది" అని. యూరియా పట్టీ ఇరవై రెండో రోజుకు కట్టకొచ్చింది. పెంట, చెక్క పట్టీ ఇరవై ఆరుకు. ఉత్త పెంట పట్టీ ముప్పై ఒకటి దాకా ఆగింది. ఏమీ వేయనిది కట్టకే రాలేదు, విత్తనానికి వదిలేశాను. కోసిన సాయంత్రం మూడు పట్టీల ఆకూ వంద గ్రాముల చొప్పున తూచి, నీడలో ఆరబెట్టి, ఆపై ఎండలో పెళపెళలాడేదాకా ఎండించాను. యూరియా ఆకు అన్నిటికన్నా తేలిగ్గా తూగింది, అంటే నీళ్ళు ఎక్కువ. ఒక మడి, ఒక పంట. దీన్ని పరిశోధన అననుగాని, నా వంటింటికి చాలు.

వేగంగా పెరిగిన ఆకులో నీరే కాదు, నైట్రేటు కూడా మిగిలిపోవచ్చు. వేరు తాగిన నైట్రేటును ఆకు ఎండ బలంతో మాంసకృత్తులుగా మారుస్తుంది. రాక ఎక్కువై, ఎండ తక్కువైతే మిగిలింది ఆకులో, ముఖ్యంగా కాడల్లో పేరుకుంటుంది. మబ్బు రోజుల్లో, తెల్లవారుజామున కోసిన కూరలో అది ఎక్కువ. సాయంత్రం కోసినదాంట్లో తక్కువ. మా వైపు రైతులు సాయంత్రం కోసి, కడిగి, తడి గోనెల్లో చుట్టి తెల్లారేసరికి నగరానికి చేరుస్తారు. వాళ్ళు బేరం కోసం చేసేది ఆకుకు కూడా మేలే. ఐరోపా సమాఖ్య తాజా పాలకూరలో కిలోకు 3500 మిల్లీగ్రాముల నైట్రేటు దాటకూడదని హద్దు పెట్టుకుంది. మామూలుగా పెద్దవాళ్ళకు బెంగ అక్కర్లేదు, నెలల పిల్లలకు పెట్టేటప్పుడే జాగ్రత్త.

సేంద్రియమైతే ఈ బాధ ఉండదనుకోకండి. కోళ్ళ పెంట కూడా సేంద్రియమే. దానిలో నత్రజని మూడు శాతం దాకా ఉంటుంది, త్వరగా విడుస్తుంది. కోళ్ళ ఫారాలు దగ్గరున్న ఊళ్ళలో దాన్ని పశువుల పెంట పోసినట్టు పోస్తారు. ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, కొనేవాళ్ళు మురిసిపోతారు. ఆ నల్లదనం నాకు అనుమానమే.

మరి సేంద్రియ ఆకులో పోషకాలు ఎక్కువా? ఈ ప్రశ్న మా చుట్టాల పెళ్ళిళ్ళలో కూడా తప్పదు నాకు. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, విటమిన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు, పురుగు మందుల అవశేషాలు తక్కువని ఒప్పుకున్నారు. 2014లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం నడిపిన బృందం 343 పరిశోధనా పత్రాలు కలిపి చూసి, సేంద్రియ పంటల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం తక్కువ, నైట్రేటు కూడా తక్కువ అంది. నేను చదివినంతలో నా తీర్పు ఇది: నైట్రేటు మాట నమ్మొచ్చు, ఇనుము రెట్టింపు ఉంటుందని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలో నూరు గ్రాముల తోటకూరకు ఇనుము సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు, పాలకూరకు మూడు. ఏ కూర ఎంచుకున్నామన్నదే అంత తేడా తెస్తుంది. ఆ పైన నిమ్మరసం పిండితే ఒంటికి పట్టేది పెరుగుతుంది, అన్నం తినంగనే చాయ్ తాగితే తగ్గుతుంది. ఈ రెండూ ఏ ఎరువుల కొట్టులోనూ దొరకవు.

జీవామృతం గురించి రాయకపోతే మా ఊరి కుర్రాళ్ళు ఊరుకోరు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, పిడికెడు గట్టు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్ళు. రెండు రోజులు నీడలో కలుపుతూ ఉంచితే ఎకరానికి సరి. సుభాష్ పాలేకర్ ఊరూరా తిరిగి చెప్పిన కొలత. నేనూ పోస్తాను. కానీ లెక్క వేయండి: పేడ, మూత్రం, పిండి అన్నీ కలిపినా నత్రజని రెండు వందల గ్రాములు దాటదు. ఎకరం తోటకూరకు కావలసింది ఇరవై ఒక్క కిలోలు. దీంతోనే కూర బతుకుతుందనడం ఉప్పు చల్లి అన్నం పెట్టాననడమే. అది వంటవాళ్ళకు, అంటే సూక్ష్మజీవులకు పోసే కల్లు లాంటిది. పని ఊపందుకుంటుంది, పొయ్యి మీద వండడానికి గింజలుంటే. ఆంధ్రలో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో దీంతో పాటు ఘన జీవామృతం వేయమంటారు, వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పమంటారు, గడ్డీగాదం పరచమంటారు. గింజలు అక్కడి నుంచి వస్తాయి. బెల్లం నీళ్ళు ఒక్కటే నేర్చుకుని మిగతాది వదిలేసినవాళ్ళే ఏడాదికి విసిగి యూరియా బస్తా దింపుకుంటున్నారు.

నా తెలివితక్కువతనం కూడా ఒకటి చెప్పుకోవాలి. పట్నంలో ఒక కొట్టులో వేరు బూజు పొడి అమ్మారు. వేళ్ళతో చుట్టరికం చేసి దూరాన ఉన్న భాస్వరాన్ని తెచ్చి పెట్టే బూజు, మైకోరైజా. భాస్వరం మట్టిలో కదలదు, వేరే దాని దగ్గరికి వెళ్ళాలి, కాబట్టి ఆ చుట్టరికం మొక్కజొన్నకు, ఉల్లికి వరమే. పాలకూర మడికి రెండు ప్యాకెట్లు కలిపాను. పాలకూర కుటుంబం ఆ బూజును దగ్గరికి రానివ్వదు, ఆవాల కుటుంబం కూడా అంతే. నేను ఇంటరులో చదివిన విషయం. ప్యాకెట్టు మీద పాలకూర బొమ్మే ఉంది.

మెంతికూర మడి వేరే కథ. పప్పుజాతి కాబట్టి వేళ్ళ మీద బుడిపెలు వస్తాయి, వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. ముప్పై రోజులు దాటిన మెంతి మొక్కను మట్టితో సహా పెకలించి, నీళ్ళలో ఆడించి చూడండి. ఆవగింజంత బుడిపె కనిపిస్తుంది. గోటితో కోస్తే లోపల లేత గులాబీ రంగు ఉంటే పని జరుగుతోంది, తెల్లగా ఉంటే ఇంకా మొదలవలేదు. ఆ రంగు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థానిది. మా మనవరాలికి చూపిస్తే "అమ్మమ్మా, మొక్కకు రక్తం!" అని అరిచింది. చిక్కేమిటంటే, లేత మెంతి ఇరవై అయిదు రోజులకే కట్ట కడతాం. బుడిపెలు పనిలో పడేలోపే పంట బజారుకు పోతుంది.

మూడేళ్ళు పెంట పడ్డాక చెల్క మారింది. మొదటి మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం 0.38 శాతం, అర శాతం లోపు ఉంటే తక్కువ కింద లెక్క. మొన్నటి చీటీలో 0.52. ఈ కాస్త తేడాకే కూర ముప్పై ఒకటి నుంచి ఇరవై ఏడు రోజులకు వచ్చింది, మొదటి ఏడాది పెంటలో మిగిలినదీ, రెండో ఏడాదిదీ ఇప్పుడు కలిసి కరుగుతున్నాయి. మట్టి నీళ్ళు కూడా పట్టుకుంటోంది. ఎర్ర చెల్కలో జోరువాన పడితే నైట్రేటు వేరు దాటి కిందికి జారిపోతుంది, మర్నాటికి మడి వెలవెలబోతుంది. కాలువ కట్టి పారించే బదులు చిల్లుల డబ్బాతో చల్లినట్టు రోజూ కొద్దికొద్దిగా తడపడం అందుకే.

వేరు సంగతి ఒకటి చివరికి దాచుకున్నాను. కరిగి వచ్చిందే తాగుతుందన్నాను కదా, దానికి మంచీచెడూ పూర్తిగా తెలియదు. జింకును తెచ్చే దారినే కాడ్మియం కూడా వస్తుంది. ఆకుకూరలు దాన్ని గింజలకన్నా ఎక్కువ పోగేసుకుంటాయి. మూసీ మురుగు నీటి కింద పండే ఆకుకూరల్లో భార లోహాలున్నాయని పలు పరిశోధనలు చూపించాయి. ఆ మడికి పేడే వేశారో, వర్మీ కంపోస్టే వేశారో, నీటిలో ఉన్నది నీటితో పాటే వస్తుంది. నగరం చెత్తతో చేసిన కంపోస్టుకు కిలోకు సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. మిద్దె తోటకు బస్తా కొనేటప్పుడు పరీక్ష చీటీ అడగండి, ఇవ్వకపోతే కొనకండి. బజారులో కట్ట తీసుకునేటప్పుడు "ఆర్గానికేనా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఏ ఊరి కూర, ఏ నీళ్ళ కింద పండింది అని అడగండి.